పాత పిప్పరమెంటు డబ్బాల కొట్టులో ఇరవై రెండేళ్లు

పాత రేకు డబ్బాలు కొని అమ్మడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా బంధువుల్లో అడగనివాళ్లు లేరు. ఉద్యోగమే. ఇరవై రెండేళ్లు చేశాను. చాక్లెట్లు, పిప్పరమెంట్లు, దగ్గు బిళ్లలు, చూయింగ్ గమ్ అన్నీ ఒకప్పుడు రంగురంగుల బొమ్మలు అచ్చేసిన రేకు డబ్బాల్లో వచ్చేవి. లోపలివి తినేశాక డబ్బా పారేయబుద్ధి కాక ఎవరో ఒకరు దాచుకునేవారు. అలా దాచుకున్నవాటిని వెతికి పట్టుకుని, వయసు కట్టి, అసలుదో నకిలీదో తేల్చి, బాగా చూసుకునే మనిషి చేతికి చేర్చడం నా పని.

ఇప్పుడు రౌస్ హిల్‌లో కూర్చుని మనవరాలి లంచ్ బాక్సులు సర్దుతున్నాను. ఆ మధ్య ఇద్దరు తెలుగు అమ్మాయిలు మెట్రో ఎక్కి మా ఇంటికొచ్చారు. "ఆంటీ, యూనిలో మ్యూజియం కోర్స్ ఫినిష్ చేశాం, యాంటిక్స్ సైడ్ వద్దామనుకుంటున్నాం, కొంచెం టిప్స్ చెప్పండి" అన్నారు. ఉప్మా పెట్టి పంపాను గానీ, ఆ పూట నాకేమీ తోచలేదు. నా దగ్గర టిప్స్ లేవు, రెండు తప్పులున్నాయి. వాటినే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి అడక్కండి. ఆ కొట్టులో ఉన్నది ఇద్దరమే, నాకు ప్రమోషన్ రావాలంటే మా ఓనరు దిగిపోవాలి.

నిచ్చెన పట్టుకున్న ఉద్యోగం

మేం దేశం వదిలి పారమట్టా వచ్చింది వై2కె పుణ్యాన. కంప్యూటర్లు సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్నాయనీ, రెండువేల సంవత్సరం రాగానే అన్నీ తికమక పడతాయనీ ప్రపంచమంతా వణుకుతున్న రోజులు. మా ఆయన ప్రసాద్‌కు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చు. ఆ ఒక్క ముక్కకు వీసా వచ్చింది. నేను తెనాలిలో జూనియర్ కాలేజీ కామర్స్ లెక్చరర్ని. ఇక్కడ ఆ సర్టిఫికెట్టు చూసి అందరూ "లవ్లీ" అన్నారు, ఉద్యోగం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఒకరోజు ఎండ తట్టుకోలేక దారిలో కనిపించిన కొట్టులో దూరాను. గోడలనిండా డబ్బాలు. పై అరలో ఏదో సర్దుతున్న అరవై దాటిన ఆవిడ, నిచ్చెన మీంచే నన్ను చూసి "ఇది కాస్త పట్టుకో లవ్" అంది, మనం "అమ్మా" అన్నట్టు. పట్టుకున్నాను. సాయంత్రం దాకా పట్టుకున్నాను. మర్నాడూ వెళ్లాను. మూడోవారం ఆవిడే అడిగింది. "నీకు జీతం కావాలా, లేకపోతే ఊరికే నన్ను విసిగించడానికే వస్తున్నావా?"

ఆవిడ పేరు మార్జ్. మా ఊళ్లో అంత పెద్దావిడని పేరు పెట్టి పిలిస్తే పళ్లు రాలగొడతారు. నాకు నోరు రాక "మార్జ్ గారూ" అన్నాను. గారు అంటే ఏమిటో అడిగి తెలుసుకుని, వారం రోజులు వచ్చిన కస్టమర్లందరి చేతా అలాగే పిలిపించుకుంది. గొంతు గరుకు, సిగరెట్టు ఆగదు, మొహమాటమన్నది పుట్టుకతోనే లేదు. నాకు దొరికిన బాసుల్లో ఆవిడంత మంచి మనిషి లేదు. దొరికింది ఆవిడొక్కతే అనుకోండి.

డబ్బాల మీద తారీఖు ఉండదు. మనమే కట్టుకోవాలి. ధర పెన్నీల్లో ఉంటే డాలర్లు రాకముందుది. బరువు ఔన్సుల్లో ఉంటే గ్రాములు రాకముందుది. అతుకు చేత్తో సీసం పోసి అంటించారా, మెషీన్ మీద మడిచారా చూడాలి. మూత తీసి వాసన చూడాలి. అరవయ్యేళ్ల తర్వాత కూడా పుదీనా వాసన, లవంగం వాసన రేకును వదలవు. ప్రసాద్ రాత్రి అన్నం తింటూ "మాకు రెండంకెలు లేవని ఇంత గొడవ, మీకు నాలుగూ లేవు, హాయిగా ఉన్నారు" అని ఏడిపించేవాడు.

మార్జ్ మొదటిరోజే మూడు మాటలు చెప్పింది. డబ్బాకు సబ్బు తగలకూడదు. స్టీలు పీచు తగలకూడదు. ఇత్తడి పాలిష్ తగలకూడదు. పొడిగుడ్డతో దుమ్ము దులుపు, అంతే. ఆ మూడూ నేను తుచ తప్పకుండా పాటించాను.

ఇమ్రాన్ సూట్‌కేసు

మొదటి తప్పు ఇమ్రాన్ విషయంలో. కర్నూలు కుర్రాడు, అడిలైడ్‌లో మాసన్ లేక్స్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చాడు. ఇంటర్నెట్‌లో ఏది పెట్టినా బంగారమవుతుందని అందరూ నమ్మిన కాలమది.

"ఏమక్కా, ఊరికే ఈ షాపులో కూసుంటే ఏమొస్తాది? వెబ్‌సైట్ పెట్టేద్దాం. వరల్డ్ మొత్తం మన కస్టమరే" అంటూ బ్యాగులోంచి పన్నెండు డబ్బాలు తీశాడు. చూయింగ్ గమ్ డబ్బాలు, కొట్టు బల్ల మీద పెట్టేందుకు ఏటవాలు మూత ఉండేవి. ఎవరి దగ్గరో ఒకేచోట దొరికాయట.

భూతద్దం పెట్టి చూశాను. పాత అచ్చులో ఒక్కో రంగూ విడివిడిగా, నిండుగా పూసినట్టు ఉంటుంది. ఇవన్నీ చిన్న చిన్న చుక్కలు, మన వారపత్రిక బొమ్మల్లాగా. రెండింటి అడుగున బార్‌కోడ్ గీకేసిన జాడ కూడా కనిపించింది. పాతవాటిని చూసి ఈమధ్యే కొట్టిన నకళ్లవి. నాకు అర్థమైపోయింది. కానీ ఆ కుర్రాడి కళ్లు వెలిగిపోతున్నాయి. మనవాడు, అంత దూరం నుంచి వచ్చాడు, మొదటిసారి. నోరు రాలేదు.

"బాగానే ఉన్నాయి. కొన్ని కాస్త కొత్తవిలా కనిపిస్తున్నాయి" అన్నాను.

అతనికి వినిపించింది మొదటి రెండు మాటలే. నెల తిరక్కుండా అదే మనిషి దగ్గర సూట్‌కేసు నిండా కొనుక్కుని వచ్చాడు. ఈసారి మార్జ్ చూసింది. ఒక్కోటి తీసి బల్ల మీద పెడుతూ "నకలు. నకలు. ఇదీ నకలే" అంటూ పోయింది. సూట్‌కేసు ఖాళీ అయ్యేసరికి అసలువి రెండు తేలాయి.

ఇమ్రాన్ మార్జ్‌ను వదిలేసి నా వైపు తిరిగాడు. "అక్కా, నీకు మొదటిసారే తెలుసు గదా?"

నేను తల దించుకున్నాను.

"తెలిసి చెప్పలేదంటే ఎట్లక్కా? పరాయోళ్లు మోసం చేసినారంటే సరే. నువ్వు మొగమాటానికి పోయి నన్ను ముంచితివే."

ఆ మాట నాకు గుచ్చుకుంది. అతను వెళ్లాక మార్జ్ అడిగింది. "బాధపడతాడని చెప్పలేదు, సరే. ఇప్పుడు బాధపడలేదా?" మనవాళ్లకు మొహమాటం మంచితనంలా కనిపిస్తుంది. ఈ పనిలో అది అబద్ధానికి చుట్టం. ఎదుటివాళ్ల మొహం చూసి వయసు కట్టేవాళ్లు ఈ పనికి రావద్దు. ఇమ్రాన్ ఆ నకళ్లన్నీ ఆఫీసులో పెన్నులు పెట్టుకోమని పంచిపెట్టాడు. ఇప్పటికీ రంజాన్‌కు ఫోన్ చేస్తాడు, డబ్బాల ఊసు మాత్రం ఎత్తడు.

లెన్ అంకుల్ కోరిక

ఆ ఏడాది చివర్లో లెన్ వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు రైళ్లలో ఊరూరా తిరిగి కొట్లకు పిప్పరమెంట్లు అమ్మేవాడు. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఒక డబ్బా దాచుకున్నాడు. అలా రెండొందల పైచిలుకు పోగయ్యాయి. భార్య పోయింది, పిల్లల్లేరు, తను వృద్ధాశ్రమంలో ఒక గదికి మారుతున్నాడు. ఆ గదిలో డబ్బాలు పట్టవు.

నేను "లెన్ అంకుల్" అన్నాను. "నేను నీకు అంకుల్ని కాను, నాకు మేనకోడళ్లే లేరు" అన్నాడు. నాలుగోసారి అనేసరికి "సరే, ఇప్పుడొకత్తి వచ్చింది" అన్నాడు.

అతనికి కావాల్సింది ఒక్కటే. డబ్బాలన్నీ ఒకేచోట ఉండాలి. వ్యాపారులు వచ్చి మంచివి ఏరుకుంటామన్నారు, మిగతావి చెత్తలో వేయమన్నారు. "నా బతుకు ఆ వరసలో ఉంది. మధ్యలో పీకేస్తే ఏం మిగులుతుంది?" అన్నాడు. మార్జ్ చాలాచోట్ల అడిగి చివరికి కొండల అవతల ఒక చిన్న ఊరి మ్యూజియాన్ని పట్టింది. వాళ్లకు ఆశ పుట్టించింది ఒకే ఒక్క డబ్బా. ఆ ఊళ్లో ఎప్పుడో మూతపడ్డ చిన్న పిప్పరమెంటు ఫ్యాక్టరీది. బంగారు రంగు మూత, మీద ఊరి రైలు వంతెన, చుట్టూ యూకలిప్టస్ ఆకులు. అలాంటిది ఆ ఊరివాళ్ల దగ్గరే ఇంకొకటి లేదు. అది బాగుంటే మొత్తం తీసుకునే సంగతి మాట్లాడదామని మ్యూజియం నుంచి హెలెన్ అనే ఆవిడ మంగళవారం వస్తానంది.

ఒక్కో డబ్బా గురించి నాలుగేసి వాక్యాలు రాసే పని నాది. అప్పటికి మిగతావన్నీ రాసేశాను. వంతెన డబ్బా గురించి తీరిగ్గా రాద్దామని శనివారం ఇంటికి తెచ్చుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం

ప్రసాద్ ఆఫీసులో టెస్టింగ్ అని వెళ్లాడు. నేను వంటింటి బల్ల మీద డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. మూత మసకగా, గోధుమరంగుకు తిరిగి ఉంది. ఎల్లుండి ఆ ఊరినుంచి మనిషి వస్తోంది. ఈ మసి మొహంతోనా చూపించడం?

మా ఇంట్లో చుట్టాలొస్తున్నారంటే మొదట తోమేది ఇత్తడి సామాను. మా అమ్మ నూతి దగ్గర చెంబులు, బిందెలు కుప్ప పోసి చింతపండు, ఉప్పు, కొబ్బరి పీచుతో తోముతుంటే ఒక్కో చెంబూ పసుపుపచ్చగా బయటపడేది. ఆ చెంబు మెరవకపోతే ఇంటికే తలవంపులు. సబ్బు వద్దంది మార్జ్, చింతపండు సబ్బు కాదు. స్టీలు పీచు వద్దంది, ఇది కొబ్బరి పీచు. పాలిష్ వద్దంది, ఇది కూరలో వేసుకునేది. ఇంత తెలివిగా ఆలోచించాను.

ఎడమవైపు మొదలుపెట్టాను. గోధుమరంగు నీళ్లు కారుతుంటే మురికి వదులుతోందని ఎంత సంబరమో. సగం అయ్యాక ఎలా వచ్చిందో చూద్దామని కడిగాను.

బంగారం లేదు. తోమిన సగం తెల్లగా, మన స్టీలు కంచం అడుగులా ఉంది. వంతెన సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ బంగారమంతా రేకు మీద పూసిన పసుపు వార్నీషట. లోహం కాదు, రంగు. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం డబ్బా పట్టుకుని నేలమీదే కూర్చుని ఏడ్చాను.

ప్రసాద్ వచ్చి చూశాడు. "దీనికి బ్యాకప్ లేదా?" అన్నాడు, అలవాటుకొద్దీ. నా ఏడుపు చూసి పక్కన కూర్చున్నాడు. మెల్లిగా అన్నాడు. "ఆ పెద్దాయనకు చూపు అంతంతమాత్రమే అన్నావుగా. మార్జ్ కూడా దీన్ని దగ్గరగా చూడలేదంటున్నావు. ముందునుంచీ ఇలాగే ఉందంటే?"

నన్ను కాపాడదామని అన్నాడు, తప్పుపట్టను. నాకూ ఆశ పుట్టింది. ఆ సాయంత్రమంతా ఆ అబద్ధాన్ని ఎలా చెప్పాలో లోపల్లోపల అల్లుకున్నాను, బాగానే కుదిరింది కూడా. కుదిరేకొద్దీ ఇమ్రాన్ మొహం గుర్తొచ్చింది. అతన్ని ముంచింది ఒక సూట్‌కేసు మేరకే. లెన్ దగ్గర ఉన్నది మాత్రం ఒక బతుకు వరస.

సోమవారం

మార్జ్ డబ్బాను చూసి కుర్చీలో కూర్చుంది. సిగరెట్టు తీసి వెలిగించకుండా పట్టుకుంది. "నీకు ముందే చెప్పానా లేదా?"

"సబ్బు, స్టీలు పీచు, పాలిష్ వద్దన్నారు. చింతపండు..."

"అదేమిటో నాకు తెలిస్తే కదా వద్దనడానికి!" అని అరిచింది. మరుక్షణం ఆవిడకే నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "హెలెన్ రేపొస్తోంది. లెన్‌కు ఇవాళే చెప్పాలి. నేను రాను, నువ్వే వెళ్లు. మొదటి వాక్యంలోనే చెప్పు. టీ తాగాక కాదు, ఎండలు మండిపోతున్నాయన్నాక కాదు."

బస్సెక్కి వెళ్లాను. లెన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు తీశాడు. వెనకాల డబ్బాలన్నీ పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెల్లో సర్ది ఉన్నాయి, ప్రయాణానికి సిద్ధంగా. లోపలికి రమ్మనేలోపే అనేశాను.

"లెన్ అంకుల్, మీ వంతెన డబ్బా నేను పాడుచేశాను."

డబ్బా తీసుకుని బొటనవేలితో మూతంతా తడిమాడు. తెల్ల సగం మీదికి వచ్చేసరికి వేలు ఆగింది. వంటగదిలోకి వెళ్లి కెటిల్‌లో నీళ్లు పోశాడు, స్విచ్ వేయడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

"దేనితో?" అన్నాడు.

చెప్పాను.

"ఎందుకు?"

"చుట్టాలొస్తుంటే మేం అన్నీ తోముతాం. మురికిగా ఉందనుకున్నాను."

"అది మురికి కాదు లవ్. నా చేతికొచ్చినప్పటినుంచీ అంతే." డబ్బా తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఇక వెళ్లు. నీ మీద కేకలేసే ఓపిక ఇవాళ నాకు లేదు."

బస్‌స్టాప్‌లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. తిట్టి ఉంటే బాగుండేది.

హెలెన్ కాగితాలు

మంగళవారం హెలెన్ కొట్టుకు వచ్చింది. లెన్ కర్ర పట్టుకుని ముందే వచ్చి ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు. నన్ను పలకరించలేదు. గుడ్డ విప్పకముందే హెలెన్‌తో అదే వాక్యం అన్నాను. 

ఆవిడ డబ్బాను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూఇటూ తిప్పింది. తిరిగొచ్చి కాగితం తీసి అడగడం మొదలుపెట్టింది. చింతపండు ఎంత? ఉప్పు ఎంత? ఎంతసేపు రుద్దావు? ఏ వైపు నుంచి? కడిగిన నీళ్లు ఏ రంగు? తీర్పరిలా కాదు, డాక్టరమ్మలా అడిగింది. నేను చెప్పినదంతా రాసుకుంది. తర్వాత మిగతా డబ్బాల మీద నేను రాసిన కాగితాల కట్ట తీసి పూర్తిగా చదివింది.

"ఇవన్నీ మీరే రాశారా?"

"అవును."

"దీని సంగతి మీరు దాచి ఉంటే మావాళ్లు ఎలాగూ కనిపెట్టేవాళ్లు. అప్పుడు ఈ రెండొందల కాగితాల్లో ఒక్కటీ నమ్మేదాన్ని కాదు. ఇప్పుడు నమ్ముతాను." కాగితాలు సర్ది బల్ల మీద పెట్టింది. "కానీ తీసుకోవడం నా ఒక్కదాని చేతిలో లేదు. కమిటీ ఏమంటుందో చెప్పలేను."

లెన్ మూలనుంచి కర్రతో నేల మీద కొట్టాడు. "కమిటీకి చెప్పు. అన్నీ తీసుకుంటే ఇదీ తీసుకోవాలి. లోపల దాచకూడదు, బయట పెట్టాలి. ఏం జరిగిందో కింద రాయాలి, ఈ అమ్మాయి పేరుతో సహా."

నన్ను శిక్షిస్తున్నాడనుకున్నాను. తల ఊపాను.

ఆ నెల ఎలా గడిచిందో నాకే తెలియదు. జనవరి ఒకటిన కంప్యూటర్లేవీ ఆగలేదు. ఏమీ కాలేదని ప్రసాద్ కాస్త డీలా పడ్డాడు. నేను మాత్రం రోజూ కొట్టుకు వెళ్లగానే పోస్టు చూసుకునేదాన్ని. ఉత్తరం జనవరి చివర్లో వచ్చింది. మొత్తం తీసుకుంటున్నారు. మార్జ్ ఉత్తరం చదివి "ఫోన్ నువ్వే చెయ్" అంది. లెన్ ఉత్తరాన్ని నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. చివరికి "ఎప్పుడు బయల్దేరుతున్నాం, మేనకోడలా?" అన్నాడు.

తర్వాత వేల డబ్బాలు చూశాను. చాలా కొన్నాను, కొన్నింటిలో మోసపోయాను, మార్జ్ పోయాక కొట్టు కూడా కొన్నాళ్లు నడిపాను. వాటన్నిటికంటే నాకు ఈ ఒక్క సంగతే బాగా గుర్తుంది.

చలికాలం, కొండల అవతల

ఇక్కడ జూలై అంటే చలికాలం. ఆ జూలైలో మ్యూజియంలో లెన్ డబ్బాల గది తెరిచారు. మార్జ్‌తో సహా మేం నలుగురం రైల్లో వెళ్లాం. లెన్ చక్రాల కుర్చీలో ఉన్నాడు, ప్రసాద్ తోశాడు. రెండొందల డబ్బాలూ అద్దాల వెనక ఊళ్ల వరసలో, లెన్ రైళ్లు తిరిగిన దారిలోనే నిలబడి ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. మధ్యలో వంతెన డబ్బా, సగం బంగారం, సగం తెలుపు. కింద అచ్చేసిన కార్డు మీద ఫ్యాక్టరీ పేరు, దాచినవారు లెన్, దాని కింద: ఎడమ సగం చింతపండుతో తోమబడింది, వసుంధర, పారమట్టా.

నా పేరు ఒక గోడమీద అచ్చులో చూసుకోవడం అదే మొదలు. సిగ్గు వేసింది. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా.

ఆ ఊరి బడిపిల్లలు, పెద్దవాళ్లు ఓ ముప్పైమంది ఉంటారు, డబ్బాల ముందు గుంపుగా చేరారు. లెన్ చెయ్యి చాచి నా మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగాడు.

"ఇటు రండి, ముందు ఇది చూడండి" అని వాళ్లను పిలిచాడు. "దీని కథ నేను చెప్పను. తోమింది ఈవిడ. ఈవిడే చెబుతుంది."

అందరూ నావైపు చూశారు. లెన్ పట్టు వదల్లేదు. మొదలుపెట్టాను.

"దీన్ని పాడుచేసింది నేనే."

పక్కన లెన్ తల ఊపుతూ నవ్వుతున్నాడు.